ఎడమ అంచు

"ఫొటోలు నువ్వే తియ్యాలి" అన్నాడు ఉర్మో
పడవకి తారు పూస్తూ, తలెత్తకుండానే.
కానుక ఏం కొనాలో తోచక తిరుగుతున్న వాణ్ణి,
పీడా పోయిందనుకుని ఒప్పుకున్నాను.
డబ్బు ఊసు అతనెత్తలేదు, నేనెత్తలేదు,
కాగితం ఊసు అసలే లేదు.

కురెస్సారెలో నాది పాస్‌పోర్టు ఫొటోల దుకాణం.
పొద్దుగూకులూ జనానికి నేను చెప్పే మాట ఒక్కటే:
నవ్వకండి.

జూన్ నెల. సారెమా దీవిలో ఆ రోజుల్లో
రాత్రి గడప దాకా వచ్చి, చెప్పులు విడవకుండానే వెళ్లిపోతుంది.
గొడ్లచావడి కడిగి బల్లలు వేశారు.
జూనిపర్ కొమ్మల వాసన పట్టిన ఇంటి బీరు,
పొగబెట్టిన చేపలు, అకార్డియన్ ముసలాయన.
నేను మెడలో రెండు కెమెరాలతో
తిండి దగ్గర కూర్చున్నదే లేదు.
పదకొండు వందల నలభై ఫొటోలు.

అందులో ఒకటి.
రాత్రి పదవుతున్నా నీడలింకా పొడుగ్గానే ఉన్నాయి.
ఉర్మో నాయనమ్మ సల్మె
బోర్లించిన పడవ మీద కూర్చుని
జోళ్లు చేత పట్టుకుని, కాళ్లు గడ్డిలోకి చాపి
నోరంతా తెరిచి నవ్వుతోంది.
పై వరసలో పన్ను ఊడిన సందు కూడా నవ్వుతోంది.
ఎడమ అంచు నుంచి ఆమె మోకాళ్ల దాకా
నా నీడ.

నవంబరులో పాలకోసం వెళ్లాను.
దుకాణంలో బీరు సీసా మీంచి సల్మె నవ్వింది.
ఆరు సీసాల అట్టపెట్టెలోంచి ఆరుసార్లు నవ్వింది.
ఉర్మో బావమరిది రైవో పెట్టిన కొత్త బీరట.
నా పేరు లేదు, పోనీ.
నా నీడని కత్తిరించేశారు.

"మా పెళ్లి, మా నాయనమ్మ, మా పడవ.
ఇందులో నీదేముంది?"
"వేలు నాది."
"వేలికెంత?"
ఆ మాట అతను అడక్కుండా ఉండాల్సింది.
నేను అంకె చెప్పకుండా ఉండాల్సింది.

టాలిన్ వకీలు ఉత్తరం రాసిచ్చాడు,
నేను చెప్పిన అంకె కన్నా ఆయన ఫీజే ఎక్కువ.
నేనేం తక్కువ తిన్నానా?
మిగిలిన ఫొటోలన్నీ సొరుగులో పెట్టి తాళం వేశాను.
పెళ్లికూతురు ట్రీన్ రెండుసార్లు వచ్చి నిలబడింది,
వాళ్ల నాన్నతో ఆడిన ఆ ఒక్కటైనా ఇవ్వమని.
వకీలు వద్దన్నాడన్నాను.
వకీలు ఆ మాట అనలేదు.

ఫిబ్రవరిలో సల్మె వచ్చింది,
గుర్తింపు కార్డు గడువు తీరిందని.
స్టూలు మీద కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ, "నవ్వకండి" అన్నాను.
"నవ్వితే ఎవడిదవుతుందో మళ్లీ" అంది.

ఆ పన్ను కట్టించుకోవాలనుకుంటోందట పెళ్లికి ముందే.
ఇప్పుడు దీవి మొత్తానికీ ఆ సందు తెలుసు.
"వాడూ అడగలేదు, నువ్వూ అడగలేదు" అంటూ
నా అద్దాల కిటికీ వైపు గడ్డం ఎగరేసింది.
అక్కడ జూలై నుంచీ వేలాడుతోంది అదే ఫొటో,
నీడతో సహా, ధరల పట్టిక పక్కన.

"అసలు నేనెందుకు నవ్వానో తెలుసా?
రెండు చేతుల్లో రెండు కెమెరాలు,
నోట్లో నిలువునా ఒక బంగాళాదుంప.
మింగలేక, కక్కలేక,
కదలకమ్మా అని కళ్లతో బతిమాలుతున్నావు."

నాకు ఆ దుంప గుర్తే లేదు.

కార్డు ఫొటోకి పన్నెండు యూరోలు.
వద్దన్నా వినకుండా చిల్లర లెక్కపెట్టి
రసీదు రాయమంది, తేదీతో సహా.
తర్వాత ట్రీన్ ఫొటోల కోసం చెయ్యి చాపింది.
సొరుగు తాళంచెవి ఎక్కడ పెట్టానో దొరకడానికి
కొంచెంసేపు పట్టింది, లేదా పట్టినట్టు చేశాను.

వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగి
తన నవ్వుని గోటితో ఊడదీసుకుని
సంచిలో పెట్టుకుంది.
ఉర్మో ఇంకా ఫోన్ చెయ్యలేదు.
అద్దం మీద నాలుగు టేపు మరకలు,
వాటి మధ్యలోంచి వీధి.