సన్నసెగ

ఆరు పౌండ్లకి తెచ్చాను దీన్ని,
సండర్లాండ్‌లో ఓ ఛారిటీ దుకాణం, అడుగు అరలోంచి.
మూత దీనిది కాదు, కాస్త ఆడుతుంది.
కింద అంటించిన చీటీ మీద
నీలి సిరాతో ‘మోరీన్’ అని ఉంది.
ఎవరో, ఏమైపోయిందో.
తుడిచినప్పుడల్లా సువార్త
ఆ చీటీని తడవనివ్వదు.

నాలుగుంపావు. మొదటి బస్సు నాది.
రాత్రి తరిగిన ఉల్లిపాయలు,
గొర్రె మెడ ముక్కలు, చవకలో దొరికేవి అవే, ఎముకే ఎక్కువ,
అల్లం ముద్ద, ధనియాల పొడి, సీసాలో గోంగూర,
లైటు వెయ్యకుండానే పింగాణీ కుండలోకి వంపి
మీట ‘లో’ మీదికి తిప్పుతాను.
తెలుగులో చదివినా తప్పులేదు,
జరిగేదంతా లోపలే.
నిద్రపోయే ఇంటికి కాపలా ఉంచినట్టు ఉంచి
తలుపు చప్పుడవకుండా లాక్కుంటాను.

వార్డులో రాత్రి డ్యూటీ దిగి ఎనిమిదికి తనొస్తుంది.
కొత్తలో ఓసారి, నేను వెయ్యలేదేమోనని
ఉప్పేసి పడుకుంది.
బడికి పోతూ సాల్మన్ కూడా వేశాడు, సాయమని.
ఆ రోజు మేం తిన్నది కూర కాదు,
ఉత్తర సముద్రం.

మొగుడూ పెళ్ళాం ఒకే పొయ్యి ముందు నిలబడి
ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టను.
మూత మీది ఆవిరిలో ఒక్కోసారి
తన వేలి గుర్తు కనిపిస్తుంది.

నిదానమే ప్రధానం అన్న నోరే
ఆలస్యం అమృతం విషం అనీ అంది.
ఈ రెంటి మధ్యా బస్సు నడుపుతాను నేను,
రోకర్ ఒడ్డున, వానలో, నాలుగు నిమిషాలు లేటుగా.

దీనికి ఒకటే నియమం: మూత తియ్యకూడదు.
తీసి చూసిన ప్రతిసారీ
అరగంట వెనక్కి పోతుంది ఉడుకు.
మా జేజి దాలిలో పాలు కాచేటప్పుడూ అంతే,
తొంగి చూస్తే చేతి మీద ఒక్కటిచ్చేది.
ఎర్రటి మీగడ కావాలంటే సాయంత్రం దాకా ఆగాల్సిందే.
పదమూడేళ్ళ దీవెన గది తలుపు
మూడుసార్లు తట్టి, నాలుగోసారి
ఎత్తిన చెయ్యి దించేశాను.

నవంబరులో ఓ రోజు ఇంటికొచ్చేసరికి
వాసన లేదు.
గుమ్మంలోనే తెలిసిపోయింది.
మూత తీస్తే
ముక్కలు పెట్టినవి పెట్టినట్టే,
ఉల్లిపాయలింకా పచ్చిగా, చల్లగా, నన్నే చూస్తూ.
అంత మాంసమూ చెత్తబుట్టలో వేస్తూ
కుండ మీద అరిచాను.
ముఖం తెలియని మోరీన్ మీద అరిచాను.

‘గోడ మీద స్విచ్చి, డాడీ.’
మూడు రోజుల తర్వాత దాని మొదటి మాట.
నిజమే. మీట తిప్పాను గానీ
గోడకున్న స్విచ్చి నొక్కలేదు.

నా చేతిలోంచి గరిటె తీసుకుంది.
టిన్నులో బీన్స్, ఈ దేశపు తియ్యటి టమాటా బీన్స్,
గిన్నెలో పోసి వేడి చేసి,
పక్కన చిన్న మూకుట్లో నూనె కాగనిచ్చి
ఆవాలు, ఎండుమిరప, చితక్కొట్టిన వెల్లుల్లి.
చిటపట.
పన్నెండు గంటలు కాచినా
ఈ కుండలోంచి రాని చప్పుడు.
ఎప్పుడు నేర్చిందో. ఎవరిని చూసి.

పొగ అలారం కూసింది.
సాల్మన్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరాడు.
డ్యూటీకి లేచిన సువార్త జుట్టు ముడేసుకుంటూ దిగొచ్చి
‘ఏం తగలబెట్టారు?’ అంటూనే
గిన్నెలో వేలు ముంచి నాకింది.
బ్రెడ్డుతో, నిలబడే తిన్నాం.
నలుగురమూ.

మర్నాడు నాలుగుంపావుకి
అన్నీ వంపి, మూత పెట్టి, మీట తిప్పి
వెళ్ళబోతుంటే
గోడ మీద చీటీ.
నీలి సిరా, వంకర అక్షరాలు,
ఒక దీర్ఘం తగ్గింది:
‘డాడి, నొక్కు.’