నేల గీత

తిజ్నిత్ వెండి బజారు, మిట్టమధ్యాహ్నం.
నీడలన్నీ గోడల మొదళ్ళలోకి ముడుచుకున్న వేళ
ఒక ముసలామె వచ్చింది.
పేరు తూదా అంది, ఊరు చెప్పలేదు.
గుడ్డ ముడి విప్పి
నా బల్ల మీద ఒక వెండి త్రికోణం పెట్టింది.
భుజాన దుప్పటి జారకుండా పట్టే పిన్ను,
సూది విరిగిపోయింది.
"అతుకుతుందా?"

అతుకుతుంది.
అరవై ఏళ్ళుగా నా బతుకంతా
విరిగినదానికీ అతికినదానికీ నడుమ
నిప్పు ఊదుతూ కూర్చోవడమే.

త్రికోణం గురించి అందరికీ ఏదో ఒకటి తెలుసు.
మొన పైకుంటే నిప్పు, కిందికుంటే నీరు అని
మెడలో కెమెరా వేసుకున్నవాళ్ళు నాకే పాఠం చెబుతారు.
చెడ్డ చూపు వచ్చి ఆ మొనకి గుచ్చుకుంటుందని
తల్లులు పసివాళ్ళ టోపీలకి కుట్టించుకుపోతారు.
నా భార్య ఇజ్జా మాత్రం,
"గుడారం. అంతే.
మీ మగాళ్ళకి ఉప్పులో కూడా మర్మం కావాలి" అనేది.

నాకు పని నేర్పింది మఖ్లూఫ్, యూదుడు.
గడ్డానికెప్పుడూ బొగ్గు మసి.
"నాలుగు కాళ్ళ బల్లని
ఈ గతుకుల నేల మీద పెట్టి చూడు, బిహీ,
ఒక కాలు అలుగుతుంది.
మూడు కాళ్ళదాన్ని పెట్టు.
అలగడానికి దానికి కాలు మిగలదు.
నమ్మకపోతే మీ అమ్మనడుగు,
పొయ్యికి మూడు రాళ్ళే ఎందుకో."

ఒకనాడు రెండు త్రికోణాలు,
ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా,
ఒకదాని మీదొకటి కరిగించి అతికాడు.
ఆరు మొనల చుక్క.
"ఇది మీదా, మాదా?" అన్నాను.
వెండి ఇంకా ఎర్రగానే ఉంది.
"చల్లారనీ," అన్నాడు,
"నాది అనేవాళ్ళు అప్పుడు వస్తారు."

తను చేసిన ప్రతిదాని వెనకా
రెండు వాలు గీతలు గీసేవాడు,
తలలు ఆనించుకున్న ఇద్దరిలా.
అదే అతని గుర్తు.
"కింది గీత ఏదీ?"
"నీకు పని వచ్చిననాడు నువ్వే గీద్దువులే."

ఆ నాడు రాలేదు. లారీ వచ్చింది.
ఒక్క రాత్రిలో వాళ్ళ వీధి మొత్తం ఎక్కేసింది,
పరుపులూ, దీపపు సెమ్మెలూ, ఒక మేకపిల్లా.
త్రాసు నా చేతిలో పెట్టాడు మఖ్లూఫ్.
తూకపు రాళ్ళు జేబులో మర్చిపోయి
తనతోనే పట్టుకుపోయాడు.
ఆరు నెలలు నేను వెండిని
బార్లీ గింజలతో తూచాను.
గీత గీయమని చెప్పేవాడు లేక
ఇన్నేళ్ళూ నా పని వెనక భాగం
నున్నగా వదిలేశాను.

తూదా పిన్నుని తిరగేశాను.
రెండు వాలు గీతలు, తెలిసిన చెయ్యే.
కానీ కింద ఇంకొకటి ఉంది,
వంకరగా, రెండుచోట్ల తెగి,
మొదలుపెట్టిన చోటికి చేరడానికి తడబడ్డ గీత.
కంసాలి చెయ్యి కాదు.

"ఇది ఎవరు గీశారు?"

ఆమె పమిట చెంగులాంటి దుప్పటి కొస
నోటికి అడ్డం పెట్టుకుంది.
"నేనే. తప్పా?
పెళ్ళికి కొన్న మరుసటేడు మా పెద్దోడు పుట్టాడు.
వాడు పాకడం మొదలుపెట్టాడు.
నేల లేని ఇంటిని
గుండె మీద పెట్టుకు తిరగబుద్ధి కాలేదు.
కంబళ్ళు కుట్టే సూదితో గీసుకున్నాను."

ఊదుగొట్టం తీశాను.
కొత్త సూది అతికాను.
ఉలి చేతికి దగ్గర్లోనే ఉంది,
గీయడానికి చోటు లేదు.

ఎంతివ్వాలి అంది.
మూడు, అన్నాను.
మూడు ఏమిటని అడగలేదు, పదులో, వందలో.
గుడ్డలోంచి ఒక్కో నాణెమూ తీసి
బల్ల మీద పెడుతూనే పోయింది,
నేను చెయ్యి అడ్డం పెట్టేదాకా.