పంతొమ్మిది నిమిషాలు

నీగాతాలో జనవరి.
బస్సు దిగి బిజినెస్ స్కూలు మెట్లెక్కేసరికి
భుజాల మీద మంచు, బ్యాగులో ఆఫీసు.
గురువారం రాత్రి ఏడున్నర క్లాసు: బాధ్యతాయుత నిర్వహణ.
రెండు క్రెడిట్లు. తప్పనిసరి.
మమ అనిపించుకుని పోయేవాళ్లమే అందరం.
పోటీ ఏమన్నా ఉంటే హీటరు పక్క కుర్చీకే.

ఆ రోజు ఒరితో గారు పుస్తకం తెరవలేదు.
ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చారు.
ముకాయిదే అని పేరు చెప్పారు.
ఆయన లోపలికొస్తూ మా క్లాసు తలుపు అంచుని
రెండు వేళ్ల మధ్య తడిమి చూశాడు,
కొట్లో బట్ట నాణ్యం చూసినట్టు.

ఆయన బతుకంతా తలుపులే.
మంటను ఆపే ఇనప తలుపులు,
ఆసుపత్రులకీ పసిపిల్లల బడులకీ.
అరవై నిమిషాలు నిలబడాలి తలుపు.
కొలిమి ముందు పెట్టి చూస్తే నలభై ఒకటికే వంగింది.
కాగితం మీద అరవై.
కింద గుండ్రంగా, ఎర్రగా, ఆయన పేరు.

"నన్నెవరూ బెదిరించలేదు," అన్నాడు.
"మేనేజరు మంచివాడు.
నా భార్య ఆసుపత్రిలో ఉంటే పళ్లబుట్ట పట్టుకొచ్చినవాడు.
గడువు శుక్రవారం అన్నాడు. అంతే.
ముద్ర వేయడానికి ఎంతసేపు?
పదకొండేళ్లు వేశాను."

కాకిలెక్కలంటే నల్లగా ఉంటాయనుకునేవాణ్ణి.
తెర మీద చూపించిన ఆ కాగితం
ఎంత తెల్లగా ఉందో,
గళ్లు ఎంత పొందిగ్గా గీసి ఉన్నాయో.

చెయ్యెత్తింది నేనే.
మూడో వరసలోంచి, కాస్త తెలివి చూపిద్దామనే.
"ఆ తలుపులున్న భవనం ఏదైనా కాలిందా?"
"లేదు."
"ఎవరైనా పోయారా?"
"లేదు. నేను నోరు విప్పాక అన్నీ మార్చేశారు."
"మరి నష్టమెంత?"

పక్కన అకుత్సు రాయడం ఆపింది.
ముసలాయనకి కోపం రాలేదు.
ఏటా ఎవరో ఒకరు అడుగుతారట.
చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి
"అరవైలోంచి నలభై ఒకటి పోగా మిగిలిందాన్ని
ఊరికే కూర్చుని చూద్దాం," అన్నాడు.

మొదట్లో ఎవరో కిసుక్కుమన్నారు.
తర్వాత హీటరు చప్పుడు.
తర్వాత ఎవరి బ్యాగులోనో ఫోను గింజుకుని, గింజుకుని, ఊరుకుంది.
ఎంతయిందో అనుకుని చూస్తే ఆరు.
ఆరే!
అనుకోకుండా మంచాలు లెక్కపెడుతున్నాను.
రాత్రి డ్యూటీలో నర్సు ఒక్కతే.
ఒక్కో మంచం చక్రాల మీద నడవా చివరిదాకా,
మళ్లీ వెనక్కి, మళ్లీ ఇంకొకటి.
ఎనిమిదో మంచం దగ్గర లెక్క తప్పింది.
మళ్లీ మొదలుపెట్టాలంటే భయమేసింది.

గడియారం కట్టుకుని, నడుం వంచి, వెళ్లిపోయాడాయన.
ముగింపు మాట ఏదీ చెప్పలేదు.
ఒరితో గారు కూడా చెప్పలేదు, హాజరు పట్టీ తిప్పారంతే.
నోమిజో రాలేదు. వాడి పేరు పక్కన సున్నా చుట్టమని
పొద్దున్నే నాకు మెసేజి పెట్టాడు.
చుట్టలేదు.
అదేమంత ఘనకార్యమని
చెప్పుకోవడానికి?

మర్నాడు చేపల గోదాంలో నా బల్ల.
మంగళవారం రాత్రి నాలుగు గంటలు కరెంటు లేదు.
పట్టీలో మాత్రం మైనస్ ఇరవై ఐదు, మైనస్ ఇరవై ఐదు,
అంత చలిలోనూ
వణకని అంకెలు.
మా ఇగరాషి గారు మంచివాడు.
తనే టీ పోసి తెచ్చి నా ముందు పెట్టి
"ట్రక్కు పదింటికి," అన్నాడు. అంతే.

గోడ మీద తొమ్మిదీ నలభై ఒకటి.
ఎర్రసిరా డబ్బా మూత నా చేతిలో.
టీ చల్లారుతోంది.