గోనెసంచిలో డ్రమ్ము

కొలతల కాగితం ఎంత చూపించినా నమ్మనని
పాత బుల్లెట్ వెనక చక్రం డ్రమ్మొకటి
గోనెసంచిలో వేసుకుని బయల్దేరాడు మస్తాన్‌వలి.
సిటీ బస్సులో నా ఒళ్లో పెట్టాడు.
కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోతే
"మెషీన్‌కి పెళ్లిచూపులు, పెళ్లికొడుకు సంచిలో ఉన్నాడు" అన్నాడు.
బెంజి సర్కిల్ దాకా వెనక సీట్లు నవ్వుతూనే ఉన్నాయి.

నాకేమో ఆటోనగర్‌లో పదడుగుల షెడ్డు.
త్రీ ఫేజు ఇప్పిస్తానన్నవాడు బదిలీ అయిపోయాడు.
లేతు పెడితే మిల్లింగుకి చోటుండదు,
రెండూ పెడితే నేను రోడ్డు మీద నిలబడాలి.
అందుకే ఒకే మంచం మీద రెండూ ఉన్నది కావాలి:
ఇటు చక్ తిరుగుతుంటే
వెనకనుంచి కొంగలా మెడ చాచి మిల్లింగు తల.

ఏం పనంటారా,
యెజ్డీ కిక్కు షాఫ్టు బుష్షులు, వాల్వు గైడ్లు,
ఏ కొట్టులోనూ దొరకని ఫుట్‌రెస్టు పిన్నులు,
మరలు అరిగిన ప్లగ్గు గాడికి కంచు తొడుగు,
తాడేపల్లి మేష్టారి రాజ్‌దూత్‌కి ఏడాదికోసారి ఏదో ఒకటి.
పదకొండేళ్లుగా ఇవన్నీ నాలుగో వీధిలో
మస్తాన్‌వలి లేతు మీదే పుట్టాయి.
నిరుటి నుంచి ఆయన ఎడమ చెయ్యి వణుకుతోంది.
ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
"నువ్వూ ఒకటి కొనుక్కోరా భూషణం" అన్నాడంతే,
టీ గ్లాసు కుడిచేతిలోకి మార్చుకుంటూ.

గవర్నర్‌పేట కొట్టులో ఏసీ.
నీలం రంగు యంత్రం, పైన ఇంకా ప్లాస్టిక్ కాగితం.
కుర్రాడు మీట నొక్కితే అంకెలు వెలిగాయి,
మోటారు పెంపుడు పిల్లిలా గుర్రుమంది.
మస్తాన్‌వలి మోటారు వినలేదు.
పళ్లచక్రాల మూత విప్పించి గోరు గుచ్చి చూశాడు.
"నైలాన్."
చేతిచక్రం ముందుకి తిప్పి, వెనక్కి తిప్పి
బల్ల కదిలేదాకా గీతలు లెక్కపెట్టాడు.
పన్నెండు.
"ప్రతి మరలోనూ ఇంత అబద్ధం ఉంటది బాబూ,
నా దాంట్లో నలభై. ఎంతో తెలిస్తే చాలు."

రెండోది పచ్చరంగు, సెకండ్ హ్యాండు, ఇనప పళ్లు.
కోయంబత్తూరు వైపు ఏదో కాలేజీలో
పిల్లలు నేర్చుకుని వదిలేసిందట.
దాని స్తంభం గుండ్రం.
తల కాస్త పైకెత్తామా,
అలిగిన మనిషిలా మొహం పక్కకి తిప్పేస్తుంది,
మళ్లీ మొదటినుంచి బతిమాలి గురి కుదుర్చుకోవాలి.
లేతు పని మధ్యలో మిల్లింగు గుర్తొస్తే
కట్టిందంతా విప్పాలి.
రెండు పడవలు కొంటున్నావనుకోకు, అన్నాడు మస్తాన్‌వలి,
ఒకటే పడవ,
ఒడ్డు మారిన ప్రతిసారీ సామాను దింపి ఎక్కించాలి.

అప్పుడు సంచి విప్పాడు.
డ్రమ్ముని చక్ ముందు చెరో వైపు పట్టుకున్నాం.
ఆయన చెయ్యి వణికితే ఇనుములోంచి నా చేతికి తెలిసింది.
నీలం దాంట్లో సాఫీగా పట్టింది.
పచ్చదాంట్లో మంచం దాటింది గానీ
అడ్డబల్ల దగ్గర ఆగిపోయింది, బొటనవేలంత తేడాతో.
"చూశారుగా సార్" అన్నాడు కుర్రాడు.

నేను పచ్చదానికి అడ్వాన్సు ఇచ్చాను.

తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదాయన.
"డ్రమ్ము పట్టదురా దాంట్లో."
"పట్టదు."
"మరి?"
"ఇనప పళ్లు కదా" అన్నాను, కిటికీలోకి చూస్తూ.

ఇవాళ గుంటూరు నుంచి ఓ బుల్లెట్ వచ్చింది,
బ్రేకు తొక్కితే దడదడ.
బుష్షులు నా షెడ్డులోనే తీశాను, బాగానే వచ్చాయి.
డ్రమ్ము ఊడదీసి, అదే గోనెసంచిలో వేసుకుని
నాలుగో వీధికి నడిచాను.
ఆయన స్టూలు మీద కూచుని కళ్లు మూసుకున్నాడు,
కోత చెవితో చూస్తాడు. చక్రం దగ్గర నేను.
పోత ఇనుము, తీగలు రావు,
నల్లటి రవ్వ నా చెప్పుల మీద రాలుతోంది.
"ఇంకో రెండు గీతలు" అన్నాడు.
ఎక్కువైంది, వెనక్కి తెచ్చి,
నలభై గీతల అబద్ధం దాటించి
రెండు తిప్పాను.