మూడో నిమిషంలో దగ్గు

కిట్వే బజారులో, ఎండు చేపల బుట్టల పక్కన,
ఒకావిడ పిండి డబ్బా మీద మూతగా పెట్టుకుంది దాన్ని.
నల్ల పళ్ళెం అనుకున్నాను ముందు.
తుడిస్తే గీతలు. గీతల్లో మొక్కజొన్న పిండి.
మూత పోతే పురుగు పడుతుందని బేరానికి ఒప్పుకోలేదు;
అల్యూమినియం మూతొకటి కొనిచ్చి తెచ్చుకున్నాను.

నడుమ అంటించిన కాగితం సగం చెదలు తినేసింది.
బ్యాండు పేరు చెదల కడుపులోకే పోయింది.
మిగిలింది న్డోలా, 1974,
కింద పెన్సిలుతో: కపాసో, బేస్ గిటార్,
ఇరవై రెండు క్వాచాలు బాకీ.

సబ్బు నీళ్ళతో కడిగాను, పసిబిడ్డకి తలంటినట్టు.
ముల్లు వాల్చగానే వాన.
వాన కాదు, గీతలు.
అందులోంచి ఒక గిటారు
గనిలోకి మనుషుల్ని దించే పంజరంలా
గడగడలాడుతూ దిగింది.
ఎవడో బెంబాలో అరుస్తున్నాడు,
కిందికి పంపిన మా నాన్నని
లెక్కపెట్టి పైకి తియ్యండని.

నేను పుట్టకముందు మా వీధుల్లోనే
ఇంత చప్పుడు జరిగితే
నాకెవరూ చెప్పలేదేం?

ఆ బాకీ పట్టుకుని వెతికాను.
చర్చిలో అడిగితే పోయాడన్నారు.
బారులో అడిగితే కాంగో పోయాడన్నారు.
వుసకిలెలో గమ్‌బూట్లకి అతుకులేస్తూ దొరికాడు.
ఎడమ చేతికి మూడు వేళ్ళు లేవు.
నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

బ్యాటరీ ప్లేయరు బల్ల మీద పెట్టి వినిపించాను.
మొహంలో ఏమీ లేదు.
జిగురు ఆరిందో లేదో నొక్కి చూసుకుంటున్నాడు.
మూడో నిమిషంలో, డ్రమ్ముల వెనకాల,
ఎవరో దగ్గారు.
ముప్పైసార్లు విన్నాను నేను, అదీ ఒక గీతే అనుకున్నాను.
ఆయన బూటు కింద పెట్టాడు.

"లుబాసి," అన్నాడు.
"డబ్బులు ఒక్క టేకుకే సరిపోయాయి.
దగ్గొస్తే ఆపుకోరా అన్నాను. ఆపుకోలేదు వెధవ.
రెండు నెలలు మాట్లాడలేదు వాడితో.
తర్వాత మాట్లాడ్డానికి వాడు లేడు."

పాట బాగుందా అని అడగలేదు.
ఎన్ని కాపీలు మిగిలాయనీ అడగలేదు.
ముల్లు వెనక్కి జరపమన్నాడు. ఇంకొంచెం.
దగ్గు.
మళ్ళీ.
వెలుగు పోయేదాకా దగ్గించాం వాణ్ణి.

లేస్తూ ఇరవై రెండు క్వాచాలు చేతిలో పెట్టబోయాను.
ఇప్పుడు వాటికి ఏమొస్తుందని నవ్వాడు,
నోట్లు నా వైపే తోశాడు.
"ఆ బాకీ నాకు రావలసింది కాదమ్మా,
నేను వాడికి ఇవ్వాల్సింది."

బల్ల మీద బూటుకి జిగురు ఎప్పుడో ఆరిపోయింది,
అతుకు పెట్టకుండానే.