పట్టువిడుపు

కత్తిపారా వంతెన ఎక్కుతుంటే
మూడో గేరులో చచ్చుబడిపోయింది బండి.
వెనక సిటీబస్సు ఒకటే హారను.
స్కూటీ మీద ఎవరో అమ్మాయి
మమ్మల్ని దాటుతూ జాలిగా చూసింది.
డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది.
మా హైమవతి ఆ దీపాన్నే చూస్తూ కూర్చుంది,
ఏమీ అనలేదు.

కంపెనీ షెడ్డులో కొత్త టర్బో ఖరీదు చెప్పారు.
మంచినీళ్లు అడిగాను.

అందుకే ఈ ఆదివారం
కొళత్తూరులో మా మెట్ల పక్కన, గోనెపట్టా మీద నేను.
తుప్పు నట్లకు నిన్న రాత్రే నూనె పోశాను
మినప్పప్పు నానబోసినట్టు.
అయినా నాలుగోది కదల్లేదు.
సుత్తితో ఓ దెబ్బ, ఇంకో చుక్క నూనె, ఓ బూతు,
మళ్లీ దెబ్బ.
పై వాటా ఇళంగోవన్ లుంగీ ఎగ్గట్టి దిగొచ్చి
"మెదువా సార్, మెదువా" అన్నాడు.
ఆ మాటకే లొంగినట్టు
కిర్రుమని తిరిగింది నట్టు.

బయటికొచ్చింది.
రెండరచేతులూ నిండేంత ఇనప నత్త.
విప్పే ముందు ఆనవాలుగా ఓ గీత గీశాను
హైమ గోళ్లరంగుతో, అడక్కుండా.

లోపల మసి.
పొయ్యి మసి కాదు, దీపం మసి కాదు,
తాటిబెల్లం పాకంలా గడ్డకట్టిన మసి.
చుట్టూ వేలిగోరంత రెక్కలు.
బండి ఊపిరిని బట్టి
ముడుచుకోవాల్సినవి, విచ్చుకోవాల్సినవి,
పట్టే తప్ప విడుపు లేక
ఎక్కడివక్కడే బిగుసుకుపోయాయి
పెళ్లిలో అలిగిన మేనత్తల్లా.

అమ్మినవాడు మసి పూసి మారేడుకాయ చేశాడనుకున్నా,
వాడి వంశాన్నంతా తిట్టుకున్నా.
పుదుపేటలో గాస్కెట్ కొంటుంటే
కొట్టు ముసలాయన జమాల్ భాయ్
నన్నే అడిగాడు:
"రోజూ ఎంత దూరం?"
అంబత్తూరు ఆఫీసు. తొమ్మిది కిలోమీటర్లు.
"స్పీడు?"
నలభై. ఎప్పుడూ నలభై దాటించను, అంత భద్రంగా చూసుకుంటాను.
నవ్వాడు. ముందు పళ్లు లేవు.
"అదే రోగం. అప్పుడప్పుడు పరిగెత్తించాలి దీన్ని.
సగం మండిన కట్టేగా పొగ పెట్టేది!"

ఓవెన్ తోమే నురుగు కొట్టాను.
మా ఇంట్లో ఓవెన్ లేదు,
ఆ డబ్బా కోసం మూడు షాపులు తిరిగాను.
నురుగు నల్లబడి కారింది.
పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో రెక్కనీ తోమాను.
గట్టిగా రుద్దితే వంగుతుంది,
మెత్తగా రుద్దితే వదలదు.
ఇరవయ్యారేళ్లు లెడ్జర్లలో
ఒక్క కొట్టివేత లేకుండా బతికినవాణ్ణి,
నా లోపల ఎంత పేరుకుందో అని
ఓ క్షణం అనిపించింది గానీ
చేతుల నిండా మసి, ముక్కు మీద దురద,
అంతకన్నా ఆలోచించే తీరిక లేదు.

లివరు వేలితో నెట్టాను.
ఊహూఁ.
కిరోసిన్లో ముంచి ఇంకో అరగంట.
నా చేతులు చూసి
టీ గ్లాసు తనే నోటికి పట్టింది హైమ.
మళ్లీ నెట్టాను.
మిద్దె మీది పావురాల గుంపు
ఒక్కసారే పక్కకి ఒరిగినట్టు
రెక్కలన్నీ తెరుచుకున్నాయి.
మూసుకున్నాయి.
తెరుచుకున్నాయి.
ఇళంగోవన్ కూడా ఓసారి నెట్టి చూశాడు.
హైమ రెండుసార్లు.

బిగించేసరికి చీకటి పడింది.
పళ్లెంలో ఒక వాషరు మిగిలింది.
అది ఎక్కడిదో నాకు తెలీదు.
ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నా.

రాత్రి పదిన్నర. మాధవరం దాటాక
రోడ్డు ఖాళీ.
ముందు నల్లగా దగ్గింది బండి, రెండుసార్లు.
తర్వాత సన్నగా,
ఎవరో దూరంగా పెదాలు చుట్టినట్టు
ఈల.
అరవై. డెబ్భై అయిదు.
అలవాటుకొద్దీ నా పాదం పైకి లేస్తోంది.
హైమ కిటికీ దించింది.
జుట్టు ముడి విప్పుకుని
"ఇంకాస్త తొక్కండి" అంది.
జేబులో వాషరు తొడకి గుచ్చుకుంటోంది.
తొక్కాను.