ముప్పై మీటర్ల వరండా

ఒంగోలు ఆస్పత్రి పై అంతస్తు వరండాలో
ఈ చివర ఒక ఎర్ర డబ్బా, ఆ చివర ఒకటి.
మధ్య ముప్పై మీటర్లు. నేనే టేపు పట్టి కొలిచాను.

దస్తగిరమ్మ చెప్పులు ఈ చివరే విడిచింది,
గచ్చు అప్పుడే తుడిచారని.
వేలికి క్లిప్పు పెడితే అంకె రాలేదు.
పండగనాటి గోరింట ఇంకా గోళ్ల మీద నల్లగా ఉంది.
చెవి తమ్మెకు పెట్టాను. తొంభై మూడు.

"పరిగెత్తొద్దు. నీ నడక నువ్వు నడువు.
ఆయాసమొస్తే ఆగు. గడియారం మాత్రం ఆగదు."
"మా మేస్త్రీ గూడా ఇదే చెప్పేవోడులే" అంది.

మార్కాపురంలో ఇరవై ఆరేళ్లు పలకలు కోసిన మనిషి.
రంపం కింద రాయి,
రాయి మీంచి పొగలా లేచే దుమ్ము,
ముక్కుకు అడ్డం పాత చీర కొంగు.
నేను అ ఆలు దిద్దిన పలక ఏ షెడ్డుదో, ఎవరు కోసిందో
ఆ వయసులో అడగాలని తోచదు.

నేను అనాల్సిన మాటలు కాగితం మీద ముందే ఉన్నాయి:
"బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలు."
ఒక్క మాట ఎక్కువ అనకూడదు.
గొంతు పెంచకూడదు, పక్కన నడవకూడదు.
జాలి కూడా లెక్కను పాడు చేస్తుందట.

నాలుగో నిమిషంలో గోడ పట్టుకుంది.
మెడ పక్క నరాలు తాళ్లలా లేచాయి.
ఊపిరి లోపలికి పోతున్న చప్పుడు
పొడి పలక మీద బలపం కీచుమన్నట్టు.
ఎనభై నాలుగు.
"బాగా నడుస్తున్నారు. ఇంకా రెండు నిమిషాలు" అన్నాను
అదే గొంతుతో, నిలబడి ఉన్న మనిషితో.
నా వైపోసారి చూసి
కుచ్చెళ్లు ఎగదోపుకుని మళ్లీ కదిలింది.

ఎనిమిది వరసలు, పైన ఇరవై నాలుగు.
రెండు వందల అరవై నాలుగు మీటర్లు.
ఆగిన చోటికే కుర్చీ జరిపాను.
ఆయాసం పదిలో ఎంతమ్మా అంటే
"పెద్ద పలకలు, కట్ట నెత్తిన పెట్టుకుని
మెట్లెక్కినంత."
ఏడు అని రాసుకున్నాను.

"పాసేనా నాయనా?"
ఇందులో పాసూ ఫెయిలూ ఉండవమ్మా.
"మరి అన్నిసార్లు బాగా నడుస్తున్నావంటివే!"

చెప్పులు నేను తెస్తానంటే ఒప్పుకోలేదు.
"నా చెప్పులు నువ్వు మోసేదేంది."
లేచింది. గోడ వెంబడే
రెండుసార్లు ఆగి, ఒకసారి కిటికీలోంచి కిందికి చూసి,
ఆ చివర నుంచి ఈ చివరకొచ్చి తొడుక్కుంది.

ఆ ఇరవై నాలుగు మీటర్లకు
ఫారంలో గడి లేదు.